మొద్దుల తరలింపు: గరిడేపల్లి ప్రాంతంలో చిన్న పరికరాలు, పద్ధతులు, జాగ్రత్తలు

కొట్టిన చెట్టు మొద్దును పడిన చోటి నుంచి దారి దాకా లాగడం, బండికి ఎక్కించడం, కోతమిల్లుకో కట్టెల అడితికో చేర్చడం కలిపి మొద్దుల తరలింపు. పెద్ద అడవుల్లో ఈ పనికి ఏనుగులను, నదులను, భారీ యంత్రాలను వాడారు. భద్రాచలం అడవుల కలప ఒకప్పుడు గోదావరి మీద తెప్పలుగా రాజమహేంద్రవరం చేరేది. పొలం గట్టు మీది తుమ్మకో, ఇంటి వెనక వేపకో అంత సరంజామా ఉండదు. గడ్డపార, మోకు, చైన్ పుల్లీ, ఎడ్లు, ట్రాక్టరు, నలుగురైదుగురు మనుషులు, అంతే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నడుమ ఉన్న గరిడేపల్లి మండలంలో జరిగేది ఈ చిన్న తరహా పనే. ఇందులో పరికరం ముఖ్యంగా రెండు మేళ్లు చేయాలి. మొద్దుకూ నేలకూ మధ్య రాపిడిని తగ్గించాలి, మనిషిని బరువు వచ్చే దారి నుంచి పక్కన ఉంచాలి. ఈ రెండూ చేయని పరికరం ఎంత బలమైనదైనా ప్రమాదాన్నే పెంచుతుంది.

ప్రాంతం, చెట్లు, కాలం

గరిడేపల్లి మండలం 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు నల్గొండ జిల్లాలో ఉండేది, ఆ తర్వాత సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద వరి పండే ప్రాంతమిది. ఇక్కడ కలప అడవి నుంచి కాక ఊళ్ల నుంచే వస్తుంది. చెరువు శిఖాల్లో నల్ల తుమ్మలు, ఇళ్ల దగ్గర వేపలు, గట్ల మీద టేకు, తాటిచెట్లు, బీడు భూముల్లో సర్కారు తుమ్మ, కొన్ని చోట్ల తోటలుగా పెంచిన సుబాబుల్, నీలగిరి ఉంటాయి. నల్ల తుమ్మ నాగళ్లకు, బండి సామానుకు పేరుపొందింది. వేప దర్వాజాలకు, చింత మాంసం దుకాణాల్లో కొట్టుడు మొద్దుకు, సర్కారు తుమ్మ బొగ్గుకు వెళ్తాయి. సుబాబుల్, నీలగిరి కర్రను కాగితపు మిల్లులు కొంటాయి. సారపాకలోని ఐటీసీ మిల్లు ఇలాంటి కొనుగోలుదారుల్లో ఒకటి.

తరలింపుకు అదునును నిర్ణయించేది వరి. వానాకాలం, యాసంగి పంటలు నిలిచి ఉన్నంతకాలం మడుల్లోకి బండి దిగదు. నల్లరేగడి తడిసిందంటే ట్రాక్టరు చక్రం ఇరుసు దాకా కూరుకుపోతుంది, చెలక నేల మాత్రం వాన వెలిసిన కొద్ది రోజులకే గట్టిపడుతుంది. అందుకే యాసంగి కోతలు అయి, కాల్వ నీళ్లు ఆగిన వేసవి నెలలే మొద్దులు లాగడానికి అనువైనవి. గాలివానకు చెట్లు కూలినప్పుడు మాత్రం అదును చూసుకునే వీలుండదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కోదాడ, హుజూర్‌నగర్ పరిసరాలను ముంచెత్తిన వానల వంటి సందర్భాల్లో తడి నేల మీదే, తొందరలోనే పని చేయాల్సి వస్తుంది. ప్రమాదానికి ఎక్కువ ఆస్కారం ఉన్న పని అదే.

బరువు అంచనా

మొద్దును ముట్టుకోకముందే దాని బరువు తెలియాలి. పచ్చి కలప జాతిని బట్టి ఘనమీటరుకు సుమారు 800 నుంచి 1,100 కిలోల దాకా తూగుతుంది. నల్ల తుమ్మ వంటి గట్టి మానును టన్నుగా లెక్కించుకోవడం క్షేమం. టేపుతో మొద్దు నడిమి చుట్టుకొలతను, పొడవును మీటర్లలో కొలవాలి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, 12.57తో భాగించి, పొడవుతో హెచ్చిస్తే ఘనపరిమాణం వస్తుంది. చుట్టుకొలత 1.2 మీటర్లు, పొడవు 3 మీటర్లు ఉన్న తుమ్మ మొద్దు 0.34 ఘనమీటర్లు, అంటే దాదాపు 340 కిలోలు. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఈ మొద్దుకే.

కలప వ్యాపారంలో వాడే పావు చుట్టుకొలత లెక్క వేరు. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. ఇదే మొద్దుకు ఆ లెక్కన 0.27 ఘనమీటర్లే వస్తుంది. కోతలో పోయే చెక్కును ముందే తీసేసిన ధర లెక్క కాబట్టి బేరానికి అది సరిపోతుంది. బరువుకు దాన్నే నమ్ముకుంటే ఐదో వంతుకు పైగా తక్కువ చూపుతుంది. డిపో కొలతతో బరువు కట్టేవారు దానికి మరో 27 శాతం కలుపుకోవాలి. లావు పెరిగితే బరువు మరీ వేగంగా పెరుగుతుంది. అదే పొడవున్న మొద్దు రెట్టింపు లావుంటే నాలుగింతలు తూగుతుంది. తాటి మొద్దులో పైపొర గట్టిగా, లోపలి గుజ్జు మెత్తగా ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఆ గుజ్జు నిండా నీరే కాబట్టి తేలిగ్గా ఉంటుందని అనుకోకూడదు.

మనిషి మోయగల బరువుకూ హద్దుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 నాటి 128వ సిఫారసు వయోజన పురుషుడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని సూచించింది. 340 కిలోల మొద్దును ఆరుగురు బొంగుల మీద ఎత్తితే తలా 57 కిలోలు పడుతుంది. అది కూడా భారం సమంగా పంచుకున్నప్పటి మాట. గట్టు ఎక్కేటప్పుడు, ఒకరి కాలు జారినప్పుడు ఇద్దరి మీదే సగం బరువు వాలుతుంది. ఈ మొద్దును మోయించడం కంటే దొర్లించడమో లాగించడమో మేలు.

లాగుడు సూత్రాలు

నేల మీద పూర్తిగా పడుకున్న మొద్దును లాగాలంటే దాని బరువులో సగానికి అటూ ఇటూ బలం కావాలి. మన మొద్దుకు అది 170 నుంచి 200 కిలోలు. ముందు కొసను నేలకు తగలకుండా లేపితే, నేలను రాసుకునేది సగం బరువే కాబట్టి లాగుడు కూడా దాదాపు సగానికి పడిపోతుంది. పైగా ముందు కొస మట్టిలోకి దిగబడదు, మోళ్లకు తట్టుకోదు. మొద్దు మొత్తాన్ని చక్రాల మీదికి తెస్తే గట్టి దారిలో 20 కిలోల లోపు బలంతో, మెత్తటి నేలలో 35 నుంచి 50 కిలోలతో కదులుతుంది. కొసకు అడుగున చెక్క పలక కట్టడం, నున్నటి శంఖువు ఆకారపు తొడుగు వేయడం, అడ్డంగా గుండ్రటి దుంగలు పరచడం కూడా ఇదే సూత్రానికి చిన్న రూపాలు.

వాలు ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. 10 డిగ్రీల ఎగువాలులో మొద్దు బరువులో మరో 17 శాతం లాగుడు కలుస్తుంది. దిగువాలులో అంత బలమూ లాగేవారి వైపే తోస్తుంది. చక్రాల మీద ఉన్న మొద్దు అప్పుడు ఆగదు. చెరువు కట్ట, కాల్వ కట్ట దిగేటప్పుడు తోక కొసను నేలకు రాసుకోనివ్వడమే బ్రేకు.

చేతి పరికరాలు

అన్నిటికంటే చవకైనది గడ్డపార. మీటరున్నర గడ్డపార కొసను మొద్దు కిందికి దూర్చి, కొస నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో చెక్క దన్ను పెడితే మనిషి బలం తొమ్మిదింతలవుతుంది. మన మొద్దు ఒక కొసను లేపడానికి 170 కిలోల బలం కావాలి, పిడి దగ్గర 19 కిలోలు నొక్కితే చాలు. దన్నుకు రాయి కంటే చెక్క నయం, ఇనుము దాని మీద జారదు. లేపిన ప్రతిసారీ కింద అడ్డుచెక్క జరపాలి. గడ్డపార మీద బరువు నిలిపి ఉంచి చేతులు కిందికి పెట్టకూడదు. గడ్డపార మీదికి ఒంగి నిలబడితే, అది జారినప్పుడు ఎదురు తన్ని దవడకు తగులుతుంది. పక్కగా నిలబడి నొక్కాలి. చాలాకాలం కదలని మొద్దు కింద తేళ్లు, కట్లపాములు చేరతాయి కాబట్టి ముందు గడ్డపారతో కొంచెం కదిపి, కాసేపు ఆగి, తర్వాతే దగ్గరికి వెళ్లాలి.

దొర్లించడానికి పొడవాటి కర్రకు కదిలే కొక్కెం బిగించిన పరికరం ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జోసెఫ్ పీవీ అనే కమ్మరి 1850ల్లో దీన్ని మెరుగుపరిచాడు, నేటికీ అక్కడ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. కొక్కెం మొద్దును కరిచి పట్టుకుంటుంది, కర్ర తిప్పితే మొద్దు తిరుగుతుంది. కమ్మరి కొలిమిలోనో వెల్డింగ్ షాపులోనో చేయించుకోదగ్గ పనిముట్టు ఇది.

చైన్ పుల్లీ, దానికి మూడు కాళ్ల స్టాండు ఈ ప్రాంతంలో కొత్తవి కావు. బోరుబావుల్లోంచి మోటార్లు తీసే మెకానిక్కులు రోజూ వాడేవే. అదే స్టాండును మొద్దు మీద నిలిపి, నిలువునా లేపి, కిందికి చక్రాలనో ట్రక్కునో వెనక్కి తేవచ్చు. స్టాండు నిలువు బరువుకే పనికొస్తుంది. పక్కకు లాగితే తిరగబడుతుంది. కాళ్లు విచ్చుకుపోకుండా మూడింటినీ గొలుసుతో కట్టాలి, మెత్తటి నేలలో కాళ్ల కింద పలకలు వేయాలి.

మెత్తటి నేలలో దూరం నుంచి లాగడానికి చేతి వించి, టిర్ఫర్ మిషన్ అనుకూలం. టిర్ఫర్‌లో రెండు దవడలు ఒకదాని తర్వాత ఒకటి ఇనుప తాడును పట్టి జరుపుతాయి. డ్రమ్ము ఉండదు కాబట్టి తాడు ఎంత పొడవున్నా పనిచేస్తుంది. బరువు మితిమీరితే లివరులోని చిన్న పిన్ను విరిగి మనిషిని కాపాడుతుంది. విరిగిన పిన్ను చోట మేకో బోల్టో దూర్చితే ఆ కాపలా పోయినట్టే, తర్వాత తెగేది తాడే.

ఎడ్లు, రెండు చక్రాల మొద్దుబండి

కృష్ణా పరీవాహక పల్లెల్లో ఎడ్ల బండలాగుడు పోటీలకు ఆదరణ ఎక్కువ. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అంటూ వయసు వారీగా విభాగాలు పెట్టి, బరువైన రాతిబండను నిర్ణీత సమయంలో ఎంత దూరం లాగాయో కొలుస్తారు. అది కొన్ని నిమిషాల బలప్రదర్శన. రోజంతా చేసే పనిలో జత ఎడ్లు తమ బరువులో పదో వంతుకు కాస్త పైగా మాత్రమే లాగగలవు. ఒక్కోటి 450 కిలోలుండే జతకు అది 90 నుంచి 110 కిలోలు. మన మొద్దు నేల మీద పూర్తిగా పడుకుని ఉంటే ఆ జతకు మించిన పని, కొస లేపితే సరిపోయే పని, చక్రాల మీద పెడితే తేలిక పని.

చక్రాల మీద పెట్టే ఉపాయం పాతదే. అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో సైలస్ ఓవర్‌ప్యాక్ 1875 నుంచి మనిషిని మించిన ఎత్తున్న చక్రాల జతలు తయారుచేసి అమ్మాడు. మొద్దులను ఇరుసు కింద వేలాడదీసి గుర్రాలతో లాగించేవారు. నేటి చిన్న మొద్దుబండి దానికి మనుమడి వంటిది. రెండు టైర్లు, వాటి మధ్య మొద్దు దూరేంత ఎత్తుగా వంచిన ఇనుప కమాను, ముందుకు పొడవాటి నొగ, కమాను నడుమ కొక్కెం. పాత టైరు బండి ఇరుసుతో దీన్ని చేయించుకోవచ్చు.

వాడే తీరు ఇలా ఉంటుంది. బండిని మొద్దు మీదుగా నడిపి, చక్రాలు మొద్దు నడిమికి కొంచెం ముందుగా నిలిచేలా చూస్తారు. నొగను ఆకాశానికి ఎత్తి, గొలుసును మొద్దు చుట్టూ ఉరిలా బిగించి కొక్కేనికి తగిలిస్తారు. నొగను కిందికి లాగితే వెనక్కి వాలి ఉన్న కమాను నిటారుగా లేస్తూ మొద్దును పైకి లేపుతుంది. నొగ పొడవు 2 మీటర్లు, కొక్కెం ఇరుసు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే బలం పదింతలు. చివరగా నొగను మొద్దు ముందు కొసకు కట్టేస్తారు. తోక కొస నేలను తాకుతూ వస్తుంది. ప్రమాదం నొగ దించేటప్పుడూ విప్పేటప్పుడూ ఉంటుంది. చేయి జారితే నొగ ఒక్కసారిగా పైకి తన్నుతుంది. ఇద్దరు పక్కల నుంచి పట్టుకోవాలి. నొగ మీదుగా ఒంగడం, దాని మీద కాలు వేసి కూర్చోవడం తగదు.

1986లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎడ్లతోనూ వ్యవసాయ ట్రాక్టర్లతోనూ కలప లాగడం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం వెలువరించింది. పేద దేశాల్లో కలప పనికి ఖరీదైన యంత్రాలు తప్పనిసరి కావన్న అవగాహన దాని వెనక ఉంది.

ట్రాక్టరు

నేడు గరిడేపల్లి వంటి వరి మండలాల్లో ఎడ్ల కంటే ముందు దొరికేది ట్రాక్టరు. రెండు టన్నుల ట్రాక్టరు గట్టి నేల మీద తన బరువులో సుమారు సగం లాగగలదు, తడి రేగడిలో ఆ బలం బాగా తగ్గుతుంది. మొద్దు లాగడంలో ట్రాక్టరుకు ఉన్న పెద్ద గండం వెనక్కి తిరగబడటం. గొలుసును వెనక ఇరుసు కంటే ఎత్తులో, సీటు కిందో పై లింకుకో కట్టారనుకుందాం. మొద్దు ఒక మోడుకు తట్టుకుని ఆగిపోతుంది, చక్రాలు తిరగలేవు, ఇంజను బలం ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. రెండు సెకన్లు తిరక్కముందే ట్రాక్టరు డ్రైవరు మీద పడుతుంది. క్లచ్ తొక్కాలన్న ఆలోచన వచ్చేలోపే అంతా అయిపోతుంది. గొలుసును ఇరుసు కంటే కింద ఉండే డ్రాబారుకే కట్టాలన్న నియమం అందుకే.

కింది లింకులకు అడ్డు కమ్మీ అమర్చి, మొద్దు కొసను పొట్టి గొలుసుతో బిగించి, హైడ్రాలిక్‌తో లేపడం మంచి పద్ధతి. నేల నుంచి అర అడుగు లేస్తే చాలు. ఎక్కువ ఎత్తితే ముందు చక్రాలు తేలి స్టీరింగు పట్టదు. చిన్న గేరులో, కుదుపు లేకుండా బయల్దేరాలి. గొలుసును వదులుగా ఉంచి ఒక్కసారిగా గుంజితే బరువుకు ఎన్నో రెట్ల దెబ్బ దాని మీద పడుతుంది. కట్ట వాలుకు అడ్డంగా కాక, నిటారుగా ఎక్కడం దిగడం చేయాలి. ట్రాక్టరు ఇంజను బలంతో తిరిగే వెనక షాఫ్టుకు (పీటీవో) బిగించిన వించి వాడితే ట్రాక్టరును గట్టి నేల మీదే నిలిపి మొద్దును దగ్గరికి లాక్కోవచ్చు. మడిని తొక్కాల్సిన పని తప్పుతుంది. తిరిగే పీటీవో షాఫ్టుకు తొడుగు లేకపోతే లుంగీ అంచు, కండువా కొస చాలు, మనిషిని చుట్టేస్తుంది.

తాళ్లు, గొలుసులు, కప్పీలు

ఇనుప తాడును అది తెగే బరువులో ఐదో వంతుకు మించి వాడకూడదన్నది సాధారణ నియమం. తీగలు తెగి ముళ్లలా లేచినా, మెలిపడి నలిగినా దాన్ని పక్కన పడేయాలి. మొద్దు చుట్టూ ఉరి వేసినప్పుడు తాడు మోసే శక్తి సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. రెండు కాళ్ల గొలుసుతో ఎత్తేటప్పుడు కాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కో కాలి మీద మొత్తం బరువంతా పడుతుంది, కాబట్టి కోణం చిన్నదిగా ఉండాలి. నైలాన్ తాడు రబ్బరులా సాగుతుంది. తెగిందంటే కొరడాలా వెనక్కి కొడుతుంది, ఎముక విరగ్గొట్టగలదు.

కప్పీని మొద్దుకు కట్టి తాడు మడిచి లాగితే శ్రమ సగమవుతుంది. కప్పీని చెట్టుకు కట్టి తాడును అటు నుంచి ఇటు తిప్పితే శ్రమ తగ్గదు, పైగా చెట్టు మీద రెట్టింపు లాగుడు పడుతుంది. కప్పీ కట్టిన చెట్టు ఎండినదో, వేరు కదిలినదో అయితే అదే పెకలి వస్తుంది. తాడు వంపు లోపలి వైపు నిలబడిన మనిషి, కప్పీ ఊడితే దాని దారిలోనే ఉంటాడు.

ట్రక్కులోకి ఎక్కించడం

ట్రాక్టరు ట్రక్కు అడుగు భాగం నేల నుంచి సుమారు మీటరు ఎత్తుంటుంది. చేతులతో ఎత్తి వేయడం కంటే మోకు వేసి దొర్లించడం తేలికా, క్షేమమూ. రెండు మీటర్ల గట్టి దుంగలు రెండింటిని ట్రక్కు పక్కకు ఏటవాలుగా ఆనించి, జారకుండా పైన కట్టి, కింద గుంట తీసి పాతాలి. రెండు మోకుల కొసలను ట్రక్కుకు కట్టి, వాటిని కిందికి దించి, మొద్దు అడుగు నుంచి చుట్టి, పై నుంచి మళ్లీ ట్రక్కు అవతలికి తేవాలి. అవతలి వైపు నిలబడి లాగితే మొద్దు తనంతట తానే దొర్లుతూ ఎక్కుతుంది. 30 డిగ్రీల వాలులో 340 కిలోల మొద్దును నిలిపి ఉంచడానికి 170 కిలోలు కావాలి. చుట్టిన మోకు కదిలే కప్పీలా పనిచేసి దాన్ని 85 చేస్తుంది. రెండు మోకులకు పంచితే ఒక్కోదానికి 43 కిలోలు, మోకుకు ఇద్దరు చొప్పున పడితే తలా 21. రాపిడికి కొంత కలుపుకున్నా నలుగురితో అయ్యే పని.

మొద్దు మొదలు కొస కంటే లావుగా ఉంటే ఆ వైపు ఎక్కువ దూరం దొర్లి మొద్దు వంకర పోతుంది. ఆ వైపు మోకును అప్పుడప్పుడు ఆపి సరిచేయాలి. ఒక్కరే కేక వేయాలి, మిగతావారు ఆ కేకకే లాగాలి. మొద్దు కింద, దుంగల మధ్య ఒక్క మనిషీ ఉండకూడదు. అడ్డుచెక్క వేసేవారు పక్క నుంచే వేయాలి. ఎక్కాక రెండు వైపులా చెక్కలతో అడ్డుపెట్టి, గొలుసుతో బిగించి, కొంత దూరం పోయాక ఆపి మళ్లీ బిగించాలి.

ప్రమాదాలు, జాగ్రత్తలు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998లో అటవీ పనుల భద్రతకు ఒక నియమావళి ప్రచురించింది. దాని సారాన్ని ఊరి పనికి అన్వయిస్తే కొన్ని నియమాలు తేలతాయి. వాలులో మొద్దుకు ఎప్పుడూ ఎగువనే నిలబడాలి. బిగిసిన తాడు దగ్గర, కనీసం ఆ తాడు పొడవంత దూరంలోపు, పనిలేని మనిషి ఉండకూడదు. బిగిసిన తాడును దాటకూడదు. కూలిన చెట్టు కొమ్మల మీద వంగి ఆనుకున్న మొద్దును కోస్తే ఎటు దొర్లుతుందో చూసుకునే కోయాలి. చెప్పులతో కాక బూట్లతో పని చేయాలి.

పొలాల మీదుగా పోయే కరెంటు తీగలు చాలా చోట్ల కిందికి వేలాడుతుంటాయి. జేసీబీతోనో స్టాండుతోనో మొద్దు లేపేటప్పుడు తీగలు దగ్గరుంటే లైన్‌మన్‌తో లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీయించి సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టాలి. మొద్దుల లోడు మీద కూలీలను ఎక్కించుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాల్వలో పడి తొమ్మిది మంది మహిళలు చనిపోయారు. అది కలప బండి కాదు. అయినా కాల్వ కట్ట మీద ట్రాక్టరు ఎంత సులువుగా అదుపు తప్పుతుందో, ట్రక్కులోని మనుషులకు తప్పించుకునే దారి ఎంత తక్కువో అది చూపింది.

మొద్దు కింద మనిషి చిక్కితే కంగారుగా దొర్లించకూడదు, మళ్లీ మీదికే రావచ్చు. రెండు వైపులా అడ్డుపెట్టి, గడ్డపారతో కొద్దికొద్దిగా లేపుతూ, లేపినంత మేరా చెక్కలు పేర్చాలి. 108కు ముందే ఫోను చేసి ఉండాలి.

అనుమతులు

చెట్టు కొట్టడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా వర్తిస్తుంది. కలప రవాణాకు అటవీ శాఖ నిబంధనలు ఉన్నాయి. సుబాబుల్, నీలగిరి, సరుగుడు వంటి తోట జాతులకు సడలింపులున్నా, టేకు వంటివాటికి పత్రాలు లేకుండా బండి కదలకూడదు. గీత వృత్తికి ఆధారమైన తాటి, ఈత చెట్లకు ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి. ట్రక్కు దాటి బయటికి పొడుచుకొచ్చే లోడు మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. 2019 సవరణ ఆ శిక్షను కఠినం చేసింది. చీకట్లో అలాంటి మొద్దు కొస వెనక వచ్చే బైకు వారికి కనిపించదు కాబట్టి పొడవును ట్రక్కుకు సరిపడా కోసుకోవడమే దారి.

పరికరం ఎంపిక

వంద కిలోల లోపు ముక్కలకు గడ్డపార, దొర్లుడు కర్ర చాలు. 100 నుంచి 400 కిలోల దాకా, గట్టి నేల మీద మొద్దుబండి పొదుపు. తడి మడి అవతల ఉన్న మొద్దుకు టిర్ఫరో పీటీవో వించో కావాలి. అర టన్ను దాటితే ట్రాక్టరు తప్పదు, ఎక్కించడానికి చైన్ పుల్లీ ఉండాలి. టన్ను దాటిన చింత, వేప మొదళ్లను చిన్న పరికరాలతో లాగే ప్రయత్నం మాని, అక్కడే ముక్కలు కోయడమో జేసీబీని పిలవడమో చేయాలి. మూడు మీటర్ల మొద్దును సగానికి కోస్తే ధర కొంత తగ్గవచ్చు, బరువు కచ్చితంగా సగమవుతుంది. దూలానికి పొడవు అవసరమా కాదా అన్నది చెట్టు పడకముందే కొన్నవారితో తేల్చుకుంటే, ఏ పరికరం కావాలో, ఎంతమంది మనుషులు కావాలో అదే నిర్ణయిస్తుంది.